పెదాల ఎరుపు

మనవరాలి పెదాలు ఎర్రగా ఉండటం చూసి సుబ్బమ్మ ముందు కిళ్ళీ అనుకుంది.

దగ్గరికి లాక్కుని వాసన చూసింది. వక్క వాసన లేదు. తుడిస్తే వేలికి మైనంలా అంటుకుంది.

"భారతీ, ఇది లిప్‌స్టిక్కే. ఆ ముందు గది మహాతల్లి పనే ఇది."

కోడలు భారతీదేవి వంటింట్లోంచి వచ్చి చూసింది. ఆరేళ్ల ప్రమీలారాణి నవ్వుతూ నిలబడి ఉంది. మామ్మ ఏం తిడుతోందో ఆ పిల్లకు తెలియదు. పుట్టుచెముడు. వినపడదు కాబట్టి మాటలూ రాలేదు.

వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఇంట్లో మాత్రం, పిల్లకు మాట ఆలస్యం అని చెప్పుకునేవారు.

ముందు గదిలో అద్దెకుండేది జయమణి. భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆమె రోజూ పొద్దున్నే నందిగామ బస్సెక్కేది. టీచరునని చెప్పింది. ఏ బడి అని ఎవరూ అడగలేదు. సుబ్బమ్మ అసలు నమ్మనే లేదు.

అప్పట్లో జగ్గయ్యపేటలో లిప్‌స్టిక్ అంటే ఫొటో స్టూడియోలో పెళ్లికూతుళ్లకు పూసేది. ఫొటో అవగానే తుడిచేసుకునేవారు. జయమణి పట్టపగలు, నేత చీర కట్టుకుని, అంచు దాటకుండా పెదాలు దిద్దుకుని వీధి వెంట నడిచి వెళ్లేది.

పంపు దగ్గర ఆడపిల్లలు బిందెలు నిండి పొర్లుతున్నా ఆమెనే చూస్తూ ఉండిపోయేవారు.

భారతీదేవికీ చూడాలనిపించేది. జయమణి మాట్లాడుతుంటే ఒక్కో మాటా పెదాల మీద బొమ్మ గీసినట్టు కనపడేది. ఆ మాట అత్తగారి ముందు అనేది కాదు.

"నుదుట బొట్టు లేదు గానీ మూతికి రంగొకటి" అనేది సుబ్బమ్మ, కిళ్ళీతో పండిన తన మూతిని పైటచెంగుతో తుడుచుకుంటూ.

ఆమెకు కోపం రంగు ఒక్కదాని మీదే కాదు. జయమణిని వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడదు. ఎదురుగా నిలబడి ఏదైనా చెబితే నోటి వంకే చూసి, మళ్లీ చెప్పమంటుంది. తను మాట్లాడితే ఒత్తి ఒత్తి పలుకుతుంది. ఇదంతా పొగరని సుబ్బమ్మ తేల్చేసింది.

సాయంత్రాలు జయమణి అరుగు మీద అద్దం పెట్టుకుని కూర్చుంటే, ప్రమీలారాణి వెళ్లి ఎదురుగా కూర్చునేది. కన్నార్పకుండా ఆ పెదాలే చూసేది.

ఇప్పుడు ఆ రంగు పిల్ల మూతికీ ఎక్కింది.

సుబ్బమ్మ బుగ్గన కిళ్ళీతోనే ముందు గది గుమ్మంలో నిలబడి, గది ఖాళీ చెయ్యమంది.

జయమణి అర్థం కానట్టు భారతీదేవి వైపు చూసింది.

"గది ఖాళీ చెయ్యమంటున్నారండి అత్తయ్య."

"చేస్తానండి. పాప గురించి ఒక్క మాట చెప్పనివ్వండి."

"మా పిల్ల సంగతి నీకెందుకు?" అంటూ సుబ్బమ్మ చెయ్యి అడ్డం ఊపింది.

జయమణి సామాను సర్దుకుంది. అంతా రిక్షాలోకి ఎక్కించాక ప్రమీలారాణి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, పెదాలు కలిపి, విప్పి, ఏదో అంది. తన లిప్‌స్టిక్ పిల్ల చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం ప్రమీలారాణి అద్దం ముందు కూర్చుని పెదాలు దిద్దుకుంది. లేచి వచ్చి, సుబ్బమ్మ చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. పెదాలు కలిపింది. విప్పింది.

"మామ్మ."

బొంగురుగా వచ్చింది. అయినా మాటే.

సుబ్బమ్మ పెరట్లోకి పోయి కిళ్ళీ ఊసేసి, నోరు కడుక్కుని వచ్చింది. పిల్ల ఎదురుగా కూర్చుని, "మళ్లీ అనవే" అంది. పిల్ల ఆమె నోటి వంకే చూసి మళ్లీ అంది.

మర్నాడు ముగ్గురూ నందిగామ బస్సెక్కారు. లిప్‌స్టిక్ వేసుకునే టీచరమ్మ అనగానే బస్టాండు దగ్గర రిక్షా అతను తీసుకెళ్లి దింపాడు. గుమ్మం మీద బోర్డును భారతీదేవి చదివి వినిపించింది. చెవిటి, మూగ పిల్లల పాఠశాల.

లోపల దేవమణి అనే టీచరు కనిపించింది. ఆమె పెదాలూ ఎర్రగానే ఉన్నాయి.

"మా పిల్లలు పెదాలు చూసే మాట తెలుసుకుంటారండి. రంగుంటే వెనక బెంచీకి కూడా కనపడుతుంది. జయమణిగారే మా అందరికీ అలవాటు చేశారు."

"ఆ అమ్మాయిని ఒక్కసారి పిలువమ్మా" అంది సుబ్బమ్మ.

"లేరండి. పేటలో మళ్లీ ఇల్లు ఎవరూ ఇవ్వలేదట. వాళ్లాయన మాచర్ల వైపు పనికి మారారు. పోయిన వారమే వెళ్లిపోయారు."



"ఎన్నిసార్లు పిలిచినా పలికేది కాదమ్మా. పొగరనుకున్నా" అంది సుబ్బమ్మ.

దేవమణి ప్రమీలారాణిని దగ్గరికి తీసుకుంది.

"వెనక నుంచి పిలిస్తే ఎట్లా పలుకుతారండీ, ఆవిడకీ పుట్టుచెముడే."