రెండో పెట్టె

పడవ దిగిన మనిషి తెల్లటి పంచె కట్టుకొని ఉన్నాడు. చేతిలో గుడ్డసంచీ.

రేవు దగ్గర టీ హోటల్లోకి వచ్చి, చెప్పులు విడిచి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏ ఊరండీ మీది?" హోటల్ పద్మనాభయ్య గాజు గ్లాసు కడుగుతూ మర్యాదగానే అడిగాడు.

"చిల్లకూరు."

"చిల్లకూరులో ఎవరి తాలూకు?"

"హరిజనవాడ. నా పేరు మునెయ్య."

పద్మనాభయ్య గాజు గ్లాసు బోర్లించేశాడు.

"ఆ మాట ముందే చెప్పొద్దా? లేచి బయటికి నడువు. నీ గ్లాసు చూరుకుంది, తీసుకో."

మునెయ్య బయటికి వెళ్ళి చూరుకు వేలాడే సత్తు గ్లాసు తీసి పట్టుకున్నాడు. పద్మనాభయ్య మూరెడు ఎత్తునుంచి టీ పోశాడు. వేళ్ళ మీద చిందింది. మునెయ్య గ్లాసు వదల్లేదు.

పద్మనాభయ్య లోపలికొచ్చి, అతను కూర్చున్న బల్ల మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు.

అది యాభై ఎనిమిది, ఆషాఢం. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆసుపత్రి ఏటికి అవతల. నిరుడు వరదల్లో పడవ కదలక, పద్మనాభయ్య పెద్దకూతురు నొప్పులు పడుతూ ఈ రేవులోనే పోయింది. చిన్నకూతురు వెంకటశేషమ్మకు కార్తీకంలో నెలలు నిండుతాయి.

వరదల నెలల్లో సర్కారు లాంచీ, నర్సు కావాలని ఊరంతా వేలిముద్రలు వేసిన అర్జీ పద్మనాభయ్య జేబులో ఉంది. ఆ పూట ఎమ్మెల్యే గారు వస్తారని కబురు.

"వచ్చి తీరతారు," అన్నాడు పద్మనాభయ్య. "ఓటేసిన చేత్తోనే అర్జీ ఇస్తా."

ఆ రోజుల్లో వాళ్ళది రెండు సీట్ల నియోజకవర్గం. మనిషికి రెండు ఓట్లు, అభ్యర్థికో పెట్టె.

"రెండో కాగితం ఎవరికేసినావు?" అన్నాడు హజరత్తయ్య, రోజూ వచ్చి కూర్చునే రైతు.

"ఎవరికో. ఎమ్మెల్యే గారి మనుషులు చూపించిన పెట్టెలో పడేసినా. నువ్వు?"

"నేనూ అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. మునెయ్య టీ తాగడం ఆపి, మళ్ళీ తాగాడు.

"నేను హైదరాబాదు పోతున్నానండీ," అన్నాడు. "ఆ అర్జీ నాకివ్వండి. అందిస్తా."

"అసెంబ్లీలో ఊడ్చే పని దొరికినట్టుందిలే," అన్నాడు హజరత్తయ్య.

"నన్ను ముట్టుకోనక్కర్లేదు. నేల మీద పెట్టండి, తీసుకుంటా."

పద్మనాభయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "కాన్పుకు లాంచీ కావాలని రాసింది, ఇది నా బిడ్డ ప్రాణంరా. నీ చేతిలో పెట్టేదానికి కాదు."

కాన్పు ఏ నెలలో అని మాత్రం అడిగాడు మునెయ్య. పద్మనాభయ్య మొహం తిప్పుకున్నాడు. హజరత్తయ్య చెప్పాడు.

మునెయ్య గ్లాసు కడిగి, చూరుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఎమ్మెల్యే గారు ఆ పూట రాలేదు. ఆ ఏడంతా రాలేదు.

కార్తీకంలో ఏరు పొంగింది. వెంకటశేషమ్మకు తెల్లారి నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. పడవవాడు రానన్నాడు. పద్మనాభయ్య నడుములోతు నీళ్ళలో నిలబడి అవతలి ఒడ్డుకు కేకలు పెట్టాడు.

అవతల నుంచి లాంచీ చప్పుడు వినిపించింది.

దిగిన నర్సు పేరు కరుణాకుమారి. మధ్యాహ్నానికి తల్లినీ బిడ్డనూ దక్కించింది.

పద్మనాభయ్య కళ్ళు తుడుచుకుంటూ టీ కలిపాడు. గాజు గ్లాసు అందుకోబోయేసరికి, ఆమె అప్పటికే చూరు కిందికి వెళ్ళి సత్తు గ్లాసు తీసుకుంది.

"అదెందుకమ్మా?"

"మాకు గ్లాసు ఇక్కడుంటుందని మునెయ్య గారు చెప్పారండీ."

పద్మనాభయ్య ఆ గ్లాసులో టీ పోస్తుంటే ఆమె చెప్పుకొచ్చింది.

కార్తీకంలో ఈ రేవున కాన్పు ఉందని ఆషాఢంలోనే ఆయన పట్టుబట్టి లాంచీ వేయించారట. వాళ్ళ వాడకు బావి తవ్వించిందీ, తనను నర్సు చదువుకు పంపిందీ ఆయనేనట.

"ఇంతకీ ఆయన ఎవరమ్మా?"

ఆమె టీ తాగి, గ్లాసు కడిగి, చూరుకు తగిలించింది.

"మీకు ఇద్దరు ఎమ్మెల్యేలు కదండీ," అంది. "ఈయన రెండో ఆయన."