గుప్పిట్లో మొలతాడు

టీవీలో ముసలాయన తల ఇనుప రాడ్డు దెబ్బకు పగిలింది. టీ అంగడి ముందు జనం ఈలలు వేశారు.

ఈలలు హత్యకు కాదు, హంతకుడికి. రాడ్డు పట్టుకున్నవాడు వీరేష్. ఆదోనిలో ఆ అంగడికి ఎదురుగా ఉన్న జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసే హమాలీ. మూడు నెలల కిందట హైదరాబాదు నుంచి సీరియల్ వాళ్ళు వచ్చి ఆ మిల్లులో వారం రోజులు షూటింగు చేసుకున్నారు. ఒడ్డూ పొడుగూ ఉన్నాడని వీరేష్‌కు హంతకుడి వేషం ఇచ్చారు. ఆ ఎపిసోడ్ ఈ ఆదివారం పొద్దున వస్తోంది. వీరేష్ కొత్త చొక్కా తొడుక్కుని ముందు బెంచీ మీద పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

సీరియల్ సంగతి అందరికీ తెలిసిందే. డిగ్రీ చదివే మేఘన అనే పిల్ల కాలేజీ ఎగ్గొట్టి హత్య కేసులు తేలుస్తూ ఉంటుంది. ఎప్పుడు చదువుతుందో, ఎలా పాసవుతుందో దేవుడికే తెలియాలి. కానీ పోలీసులకు ఏళ్ళ తరబడి దొరకనివాడు ఆ పిల్లకు గంటలో దొరుకుతాడు.

జనం వెనక నిలబడ్డ సుంకమ్మ ఆ సీరియల్‌ను ఒక్క వారమూ వదలదు. అదే మిల్లులో పత్తి ఏరే కూలి ఆమె. మూడేళ్ళ కిందట ఆమె మొగుడు మారెప్పను ఎవరో మిల్లు వెనక తల పగలగొట్టి చంపారు. పోలీసులు నలుగురిని పట్టుకుని చితకబాదారు. నలుగురినీ వదిలేశారు. చంపింది ఎవడో తెలియకుండా తాను చావకూడదు. సుంకమ్మకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆమె దగ్గర ఒక గుట్టు ఉంది. శవాన్ని మొదట చూసింది ఆమే. మారెప్ప మొలతాడు తెగి ఉంది. తెగిన తాడు అతని కుడి గుప్పిట్లో ఉంది. వేళ్ళు దాని మీద మూసి ఉన్నాయి.

మొలతాడుతో మనిషిని మట్టిలో పెట్టరు. సాగనంపే ముందు తెంచాలి. తెంచేది అయినవాళ్ళే. చంపినవాడు ఆ పని కూడా తానే చేసి పోయాడంటే ఎంత వెక్కిరింత అనుకుంది సుంకమ్మ. ఒళ్ళు మండిపోయింది. తాడు తీసి కొంగున ముడి వేసుకుంది. పోలీసులకు చెప్పలేదు. అయినవాళ్ళకూ చెప్పలేదు. తాను కాక ఈ సంగతి తెలిసినవాడు లోకంలో ఇంకొక్కడే. ఏనాటికైనా వాడు బయటపడక పోడని కాచుకుని ఉంది.

పక్కనే మరిది తిక్కయ్య ఉన్నాడు. మారెప్పకు ఒక్కడే తమ్ముడు. అన్న పోయాక సొంతూరు పెద్దకడుబూరులో ఇద్దరికీ ఉన్న నాలుగెకరాలూ అతనే చేసుకుంటున్నాడు. ఏటా రెండు మూటల శెనక్కాయలు తెచ్చి వదిన ఇంట్లో దించి పోతాడు. షూటింగు వాళ్ళకు మిల్లు మాట్లాడిపెట్టిందీ అతనే. ఇలాంటి మరిది దొరకడం సుంకమ్మ అదృష్టమని వీధిలో అందరూ అంటారు.

“ఎంతసేపు నిలబడతావు వదినా, ఈడ కూసో,” అని స్టూలు జరిపాడు.

తెర మీద వీరేష్ రాడ్డు పారేశాడు. చచ్చినవాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తి తీసి మొలతాడు తెంచాడు. దాన్ని శవం కుడిచేతిలో పెట్టాడు. ఒక్కొక్క వేలూ మూశాడు.

సుంకమ్మ కూర్చోలేదు.

లారీ కోసం చూస్తున్న హమాలీలు బేళ్ళు లాగే ఇనుప కొక్కేలను బెంచీ కింద పెట్టుకున్నారు. సుంకమ్మ వంగి ఒకటి తీసుకుంది. నేరుగా ముందు బెంచీ దగ్గరికి నడిచింది.

వీరేష్ తలెత్తి చూసి నవ్వాడు. “ఎట్ల చేసినానక్కా?”

కొక్కెం అతని మెడలో దిగింది. లాగి మళ్ళీ కొట్టింది. ఈసారి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. కొత్త చొక్కా, టీ గ్లాసులు, సుంకమ్మ మొహం అన్నీ ఎర్రబడ్డాయి.

“తాడు సంగతి నీకెట్ల తెలుసురా? సెప్పు,” అంది.

వీరేష్ నోట్లోంచి నెత్తురే వచ్చింది, మాట రాలేదు. చెయ్యెత్తి ఆమె భుజం మీదుగా వెనక్కి చాపాడు. దెబ్బకు అడ్డం పెడుతున్నాడనుకుని సుంకమ్మ మూడోసారి కొట్టింది. చెయ్యి వాలిపోయింది.

తిక్కయ్య వెనక నుంచి వచ్చి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. టీవీలో మేఘన అప్పుడే స్కూటీ దిగుతోంది. ఆ పిల్ల ఏం కనిపెట్టిందో ఆ రోజు ఎవరూ చూడలేదు.

పోలీస్ స్టేషన్లో సుంకమ్మ ఏమీ దాచలేదు. కొంగు ముడి విప్పి తాడును సీఐ టేబుల్ మీద పెట్టింది. మూడేళ్ళకు కడుపు చల్లబడిందని, ఇక ఉరి వేసినా బాధ లేదని చెప్పింది. తిక్కయ్య ఆమె పక్కన కూర్చుని, నెత్తురు ఆరని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు.

“మా అన్నను సంపినోడిని సంపింది సార్. అంతే కదా ఆయమ్మ చేసింది,” అన్నాడు.

సీఐ తాడును కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. వీరేష్‌కు నటన కొత్త. తాడు గుప్పిట్లో పెట్టే పని అతను తనంతట తానే చేశాడని డైరెక్టర్ నోటితో చెప్పిస్తే మారెప్ప హత్య కేసుకు బలం అనుకున్నాడు. హైదరాబాదుకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి, ఆ ఒక్క ప్రశ్నే అడిగాడు.

“అది మా కథలో లేదు సార్, వీరేష్ కూడా ఇదేం పనని రెండుసార్లు అడిగాడు, మొలతాడు తెంచకుండా శవాన్ని అట్లా వదిలేసి పోవడానికి ప్రాణం ఒప్పదని చెప్పి, కింద కూర్చుని వేలు వేలూ ఎలా మూయాలో వాడికి చేసి చూపించింది మాకు మిల్లు మాట్లాడిపెట్టిన తిక్కయ్యే.”