నాలుగు పార్టీలకీ ఒకే జవాబు

మా ఆవిడ కాత్యాయని పోయిన రోజున కూడా మా గోడమీది సర్వేపెట్టె ఆమె గొంతుతోనే జవాబులు చెప్పింది. ఇంటింటా ఉండే ఆ పెట్టెలు మన మాటతీరు నేర్చుకుని, మన తరఫున అభిప్రాయాలు చెబుతాయి. నెల తర్వాత సర్వే ఆఫీసు నుంచి షాహీన్ వచ్చింది.

“మాస్టారూ, మేడమ్‌గారి పెట్టె నాలుగు పార్టీలకీ ‘మీకేనమ్మా మా ఓటు’ అంటోందండీ!”

“గుమ్మంలోకొచ్చినవాళ్లని నొప్పించేది కాదమ్మా. అందరికీ అదే మాట, గ్లాసుడు మజ్జిగ.”

“మరి నిజంగా ఎవరికేసేవారు?”

“ముప్ఫయ్యేళ్లు అడిగాను. ‘మీరు చెప్పినవాళ్లకే’ అనేది. నమ్మమంటావా?”

ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం.

“ఇకమీదట మనుషుల్నే అడుగుతాం, రహస్యంగా రాసిమ్మంటాం,” అంటూ షాహీన్, పెట్టెలో కాత్యాయని గొంతు ఆపేందుకు అనుమతి కాగితం ఇచ్చింది.

దానిమీద నేనింకా సంతకం చేయలేదు.