పొడి కుదిరిన రోజు

కాదే మనవరాలా, పొడి చల్లడం వేరు, పట్టించడం వేరు. పట్టించడం అనే రాయి.

మాంసం ముక్కకి తడి తుడిచి, ముందు ఉప్పు రాసి, అది లోపలికి దిగాక అరచేత్తో పొడి అద్ది రుద్దాలి. వంకాయకీ, గుమ్మడి చెక్కకీ అయితే ముందు నూనె చేత్తో రాసి, ఆ పైన పొడి. లేకపోతే పొడంతా నిప్పుల పాలే.

నిప్పుల మీద ముక్కలు కాల్చి అమ్మే కొట్టామె ఒకావిడుండేది, ఆమెకి ఇదంతా తెలుసు. తెలియనిదల్లా ఆ పొడిలో ఏది ఎంత పడుతుందన్నదే.

భర్త బతికున్నన్నాళ్ళూ పొడి ఆయనే కలిపేవాడు. కొలతలంటూ ఏమీ లేవు. అడిగితే నా చేతినడుగు అని నవ్వేవాడు.

ఆ చెయ్యి ఒకనాడు ఉన్నట్టుండి చల్లబడిపోయింది. డబ్బాలో మిగిలిన పొడి కొద్దిరోజుల్లోనే అడుగంటింది. దాంతోపాటే కొట్టుకొచ్చే జనమూ పలచబడ్డారు.

అత్తగారు కటువు మనిషేం కాదు. కానీ మాట తేల్చేసింది. చలికాలం దాటేలోగా పాత రుచి రాకపోతే పొయ్యి ఆర్పేసి, కొట్టు ఇంకెవరికైనా అప్పజెప్పేద్దామంది.

కోడలికి ఆ పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా ఊపిరాడదు.

ఇక కలపడం మొదలుపెట్టింది. మిరియాలు, ధనియాలు, ఎండబెట్టిన వెల్లుల్లి, ఆవపిండి, కాస్త బెల్లం పొడి. ఒకరోజు మిరియం ఎక్కువై కొట్టంతా తుమ్ములే. ఇంకోరోజు బెల్లం ఎక్కువై ముక్కలన్నీ మాడి కూర్చున్నాయి.

"వదినా, ఇందులో ముక్కేదో బొగ్గేదో చెప్పి అప్పుడివ్వు పట్టకారు" అంది పొయ్యి దగ్గరుండే ఆడపడుచు.

కలిపిన ప్రతిసారీ కొట్టామె పళ్ళెం పట్టుకుని బల్లల చుట్టూ తిరిగేది. ఒకరు ఉప్పు చాలదనేవారు, పక్కవారు ఎక్కువైందనేవారు. ఎవరేమంటే అలా మార్చేది. సాయంత్రమయ్యేసరికి ఆ పొడి ఎటూ కాకుండా పోయేది.

అలాంటప్పుడు వచ్చాడు ఒక పెద్దమనిషి.

గోడవారగా కూర్చున్నాడు. కాల్చిన ఉల్లిపాయ, రెండు ముక్కలు చెప్పాడు. నిదానంగా నములుతూ, చుట్టూ తింటున్న వాళ్ళని చూస్తూ ఉండిపోయాడు. అంత శ్రద్ధగా నమిలే మనిషి పాత గిరాకీయే అయి ఉంటాడని ఆమె అనుకుంది.

"బాబాయిగారూ, పాత రుచి వచ్చిందా?"

ఆయన పళ్ళెం వంక చూడలేదు. ఆమె మొహం వంక చూశాడు.

"రాలేదమ్మా."

మర్నాడు పొడి మార్చింది. మళ్ళీ అడిగింది. అదే జవాబు. వారం గడిచాకా అదే జవాబు.

ఆడపడుచు ఆయనకి పేరు పెట్టేసింది. ఆయన గడప తొక్కగానే, రాలేదుగారు వచ్చారు అని లోపలికి కబురు చెప్పేది.

కొట్టామెకి నవ్వొచ్చేది కాదు. మొహమాటానికి బాగుందనేవాళ్ళని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. మొహమ్మీదే లేదని చెప్పేవాడు ఒక్కడు దొరికాడు. ఆయన్నే పట్టుకుని వేలాడింది.

చలికాలం చివరికొచ్చింది. కొట్టు చూసుకుని పొమ్మని అత్తగారు ఒకాయనకి కబురు పెట్టింది.

ఆ పొద్దున ఆమె ఎవరినీ అడగలేదు. చేతికి తోచినట్టు కలిపింది, పట్టించింది, కాల్చింది. తెచ్చి పెద్దమనిషి ముందు పెట్టింది.

ఆయన నమిలాడు. రాలేదమ్మా అన్నాడు.

ఆమెకి ఎక్కడో కాలింది. ఆయన పళ్ళెంలోంచే ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

భర్త పోయాక తన పొడి తను రుచి చూడడం అదే మొదలు. ఆయన రుచి అందులో లేకపోతే తట్టుకోలేనన్న భయంతో అన్నాళ్ళూ నోట పెట్టలేదు.

నమిలింది. ఆగింది. ఇంకో ముక్క తీసుకుంది.

"కాదు బాబాయిగారూ, మీరే పొరబడ్డారు. మిరియం ముందు తగుల్తోంది, వెల్లుల్లి నిదానంగా వెనకొస్తోంది. ఇది మా ఆయన పొడి కాదు, నాది. బాగుంది. ఇంక మార్చను."

పెద్దమనిషి చెయ్యి తుడుచుకున్నాడు.

"అయితే వచ్చిందమ్మా" అన్నాడు.

ఆ పొడే నిలిచింది. తిన్నవాళ్ళలో కొందరు పాత రుచి అన్నారు, కొందరు కొత్త రుచి అన్నారు. అందరూ మళ్ళీ వచ్చారు. కొట్టు చూడ్డానికొచ్చిన ఆయనకి అత్తగారు కడుపునిండా పెట్టి, వచ్చిన దారినే సాగనంపింది.

పెద్దమనిషి మాత్రం ఆ తర్వాత కనబడలేదు. పని ఊపిరి సలపనివ్వక ఆమెకి చాన్నాళ్ళు ఆ సంగతే తట్టలేదు. తట్టిన రోజున నాలుగు ముక్కలు కాల్చి, పొట్లం కట్టి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపు ఆయన భార్య తీసింది. ఆయన ఈమధ్యే పోయారని చెప్పి, లోపల కూర్చోబెట్టింది.

కొట్టామె పొట్లం ఆవిడ చేతిలో పెట్టింది.

"అంత నిక్కచ్చిగా రుచి చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు పిన్నిగారూ" అంది.

ఆవిడ పొట్లం విప్పబోతూ ఆగింది.

"ఆయనకి రుచా? పెద్ద జబ్బు చేసి లేచినప్పటినుంచి ఆయన నాలుకకి ఉప్పూ కారం తెలిస్తే కదమ్మా. నలుగురు కమ్మగా తింటుంటే చూడ్డానికి వెళ్ళేవారు. ఆ కొట్టమ్మాయి ఊరందరినీ అడుగుతోంది గానీ తను ముక్క నోట పెట్టదు, తను తిని చెప్పేదాకా నేను రుచి రాలేదనే అంటాను అనేవారు."

ఇక్కడికి ఆపు మనవరాలా. ఇది మీ చిన్నపిన్నికి ఫోన్లో చదివి వినిపించు, తను కలిపిన పొడి ఎలా కుదిరిందో చెప్పమని పొద్దున్నే నాకు డబ్బా పంపించింది.