ఒక్కడికే వేసిన నైట్ డ్యూటీ

పామర్రు దగ్గర కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలాకు ఎప్పుడూ ఇద్దరుండేవారు. ఆ వారం మనుషులు చాలక, విజయవాడ ఆఫీసులో డ్యూటీలు వేసే సాయిశ్రీ సాఫ్ట్‌వేర్‌లో అష్ఫాక్ ఒక్కడి పేరే పెట్టింది. "అక్కడ ఒక్కణ్నే ఉండలేను మేడమ్" అని అతను బతిమాలినా మార్చలేదు.

రాత్రి రెండింటికి అతనే ఫోన్ చేశాడు.

"తోడు మనిషిని పంపారు, చాలా థ్యాంక్సండీ. కానీ వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మాటా మాట్లాడ్డంలేదు."

సాయిశ్రీ గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది. షెడ్యూల్లో ఒక్క పేరే ఉంది.

"అష్ఫాక్, నేనెవర్నీ పంపలేదు. వెంటనే బయటికొచ్చెయ్యండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు కంప్రెసర్ హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"అష్ఫాక్?"

ఎవరిదో కొత్త గొంతు మర్యాదగా పలికింది.

"తెల్లారేదాకా డ్యూటీ వేశారు కదండీ. మధ్యలో ఎలా పంపుతాను?"