ముత్తాత నిద్ర

“వారంలో ముప్పావు అంగుళం!” అంటూ దర్జీ ఆవిడ ఆవు కడుపు మీంచి టేపు తీసి, సుద్దముక్కతో గోడ మీద అంకె వేసింది. రెండుసార్లు చూలు నిలవని పన్నెండేళ్ల ఆవుకు ఇప్పుడు ఏడో నెల. ఆవిడ హడావుడి చూస్తే నెలలు నిండుతున్నది ఆవుకో ఆవిడకో తెలియడం కష్టం.

పరిశోధనశాల నుంచి వచ్చిన పశువుల డాక్టరు నవ్వి, సిరంజిలోకి మందు ఎక్కించాడు.

“ఇదెందుకు బాబూ?”

“బలానికమ్మా. రోజుకొకటి, అయిదు రోజులు.”

“రక్తంలో ఏదో వైరస్ జాడ ఉందన్నారుగా. భయం లేదుగా?”

“నరాల్లో నక్కి ఏళ్ల తరబడి పడుకుంటుంది. పశువు నీరసిస్తేనే లేస్తుంది. నలభై మందల్లో వెతికితే దొరికిన వైరస్‌లన్నీ ఒక్క తల్లి పిల్లలే. మీ ఆవు పుట్టిన కొండ మంద మాత్రం వేటితోనూ కలవలేదు. ఆ మందలో మిగిలింది ఇదొక్కటే అనుకుంటా. దీనిలో ఉన్నది వాటన్నిటికీ ముత్తాత అయ్యుండాలి.”

“మా ముత్తాత పేరే మాకు తెలీదు, వైరస్‌కి వంశవృక్షమా!” ఆవిడ పకపకా నవ్వింది. “ఆ పెద్దాయన్ని అలాగే పడుకోనివ్వండి.”

డాక్టరు సూది వేసి, దూదిపుల్లతో ఆవు ముక్కు తుడిచి గొట్టంలో పెట్టుకున్నాడు. మొదటి మూడు రోజులూ ముక్కు శుభ్రంగానే ఉంది. ఆవిడ సంతోషించింది. అతను ముభావంగా వెళ్లిపోయాడు. నాలుగో రోజు అతని తెల్లకోటు జేబు చిరిగితే ఆవిడే కుట్టిపెట్టింది.

ఆరో రోజు ఆవు ముక్కు కారింది, ఒళ్లు కాలిపోయింది. తొమ్మిదో రోజు చచ్చిన దూడను వేసింది.

ఆవిడ గోడ మీది అంకెలు చూస్తూ, టేపు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఏడ్చింది. డాక్టరు గొట్టాలను ఒక్కొక్కటే మంచుపెట్టెలో సర్దుకున్నాడు.

“మీరేం చేస్తారు బాబూ. ఎండనక వాననక వచ్చి మందేశారు. దాని రాత అంతే.” కళ్లు తుడుచుకుంది. “మా చెల్లెలి దగ్గర ఆ మందదే ఇంకో ఆవుంది. అదీ చూలుతోనే ఉంది. దానికైనా ముందే ఆ బలం మందు వేయండి.”

“ఆ మందదేనా?” డాక్టరు పెన్ను తీశాడు. “అడ్రసు చెప్పండమ్మా.”

పది రోజుల తర్వాత పరిశోధనశాలలో పెద్ద మేడమ్ కంప్యూటరు తెర మీంచి కళ్లు తిప్పలేకపోయింది.

“ఎక్కడా కలవని కొమ్మ! పన్నెండేళ్లు పడుకున్నది సరిగ్గా నువ్వు వెళ్లినప్పుడే లేచిందంటే, నక్కని తొక్కి వచ్చావయ్యా.”

“అదృష్టం కాదు మేడమ్.” అతను కుట్టిన జేబులోంచి అడ్రసు కాగితం తీశాడు.

“దాన్ని లేపడానికే ఆ అయిదు ఇంజెక్షన్లు.”