బల్ల కింది బిస్కట్లు

గడియారాలు బాగుచేసే ఆ పెద్దాయనకు తెలియకుండా ఆ ఇంట్లో చీమ కూడా గడప దాటదు. ఆవగింజంత మరమేకు గచ్చు మీద పడినా కూర్చున్నచోటి నుంచే వేలు పెట్టి చూపిస్తాడు. అంతటి కన్ను! ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు. నేనూ ఒప్పుకుంటున్నాను, ప్రస్తుతానికి.

అలాంటివాడు ఆవేళ పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

“కుర్చీ ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి,” అంది భార్య, టీ పోస్తూ.

“కప్పులో వేలు పెట్టి పోస్తావేమిటే? కాలదూ?”

“మీ నోటికంటే వేడిగా లేదులెండి. వీధిలో ఎవరో వస్తున్నట్టుంది, చూడండి.”

“కిటికీ పక్కనే ఉన్నావు, నువ్వే చూడొచ్చుగా?”

“మీ అంత గొప్ప కన్నా నాది?”

బల్ల కింద బొగ్గు తోకతో నేలను టపటపా కొడుతోంది. నల్లటి ఆడ కుక్కపిల్ల. చూపులేనివాళ్ళకు దారి చూపే కుక్కల బడి నుంచి ఏడాది కిందట భార్యే పట్టుబట్టి తెప్పించింది. ఇంట్లో పెంచి, బుద్ధులు నేర్పి, తిరిగి అప్పగించాలి. ఆపైన అసలు చదువు బడిలో. ఇవాళ పరీక్ష. తప్పితే మాత్రం పెంచినవాళ్ళకే వదిలేస్తారు.

పెద్దాయన ఆశంతా ఆ తప్పడం మీదే. కిందపడ్డ తిండి ముట్టకూడదన్నది వాటికి మొదటి పాఠం. అందుకని రోజూ బల్ల కిందకు బిస్కట్లు జారవిడిచి, పనిగట్టుకుని దాన్ని చెడగొట్టాడు.

బడి నుంచి శిక్షకురాలు వచ్చింది. బొగ్గును నడిపించింది, కూర్చోబెట్టింది. చివరికి దాని ముక్కు ముందు ఓ బిస్కట్టు పడేసింది.

‘తినవే తల్లీ, నా కొంప ముంచకు!’ పెద్దాయన ఊపిరి బిగబట్టాడు.

బొగ్గు బిస్కట్టు వంక చూసింది. పెద్దాయన వంక చూసింది. ‘ఛీ, ఇదేం బుద్ధి’ అన్నట్టు తల అడ్డంగా ఊపి, మొహం తిప్పుకుంది. సరే, తల ఊపడం నా కల్పన. మొహం తిప్పుకోవడం మాత్రం అక్షరాలా నిజం.

“నెగ్గింది!” అంది శిక్షకురాలు.

“రోజూ తిన్నదానికి ఇవాళ ఏం రోగం?” పెద్దాయన నోరు జారాడు.

“మీరు కొట్టుకు వెళ్ళగానే మళ్ళీ మొదటినుంచీ నేర్పేదాన్ని,” అంది భార్య. “బల్ల కింద కరకరలు నాకు వినబడవనుకున్నారా?”

“ఎంత పని చేశావే! ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం, ఇంట్లో పిల్లని...”

“ఎవరికో కాదండీ,” అంది శిక్షకురాలు. భార్య వైపు తిరిగింది. “చదువు అవగానే మీ దగ్గరికే పంపుతాం అమ్మా. మీ దరఖాస్తు ఒప్పుకున్నారు.”

“దరఖాస్తా? నీకెందుకే కుక్క?”

ఆ గొంతు వచ్చిన వైపుకు ఆవిడ చెయ్యి చాచి, ఆయన చెంప మీద వేసింది.

“మీ మొహం కనబడటం మానేసి చాలా రోజులైందండీ.”